పసుపుతో నూలు చున్నీకి రంగు: మా విజయవాడ వంటింట్లో

[దృశ్యం: స్టవ్ మీద పెద్ద స్టీలు గిన్నె. పక్కన తెల్ల చున్నీ, పసుపు కొమ్ములు, పటిక ముక్క.]

నమస్తే అండీ. ముడుపు కట్టేటప్పుడు ఏం చేస్తాం? తెల్ల గుడ్డను పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టి, అందులో రూపాయి బిళ్ళ పెట్టి ముడి వేస్తాం. బట్టకు రంగు అద్దడమంటే అదే. ఇవాళ అదే పనిని ఒక చున్నీ మీద ఇంకాస్త ఓపిగ్గా చేద్దాం, రంగు వీలైనన్నాళ్ళు నిలిచేలా.

చున్నీ మంగళగిరి నూలుది, జరీ లేనిది. 200 గ్రాములు తూగింది. కొమ్ములు దుగ్గిరాలవి. పసుపు యార్డు ఉన్న ఊరు ఇంత దగ్గర్లో ఉండగా ప్యాకెట్ పొడి కొనబుద్ధి కాలేదు. దంచి, జల్లించి 50 గ్రాములు తీశాను, అంటే బట్ట బరువులో నాలుగో వంతు. లేత రంగు కావాలంటే అందులో సగం చాలు.

చాలా చెట్ల రంగులు నూలును వాటంతట అవి పట్టుకోవు. పసుపు పట్టుకుంటుంది. అందులోని కర్కుమిన్ అనే పదార్థం నూలు పోగుకు నేరుగా అంటుతుంది. తెల్ల చొక్కా మీద పప్పు పడితే అమ్మకు అంత టెన్షన్ అందుకే.

[దృశ్యం: ఉడుకుతున్న నీళ్ళు లేత గోధుమరంగులోకి మారడం దగ్గరగా.]

ముందు బట్టలోని గంజి, జిడ్డు పోవాలి. ఆరు లీటర్ల నీళ్ళలో రెండు చెంచాల బట్టల సోడా వేసి అరగంట ఉడికించండి. తెల్లగా కనిపించే బట్టలోంచి ఎంత మురికి దిగుతుందో చూడండి. తర్వాత బాగా జాడించాలి, నాలుగైదు సార్లు. మొదటిసారి నేను రెండుసార్లు జాడించి సరిపెట్టాను. రంగులో వేయగానే అంచు మడతల దగ్గర ఇటుక రంగు మచ్చలు తేలాయి. మడతల్లో సోడా మిగిలిపోయిందన్నమాట. నిమ్మకాయ పిండిన నీళ్ళలో ముంచితే మళ్ళీ పసుపుకు వచ్చింది, కానీ ఆ కాసేపు గుండె జారిపోయింది.

ఇక రాత్రి పని, రంగు ఇంకాస్త గట్టిగా నిలవడానికి. 30 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన వేడి నీళ్ళలో బట్ట నానాలి. పెడన కలంకారీ వాళ్ళు కూడా రంగుల కంటే ముందు కరక్కాయలోనే నానబెడతారు. దాని వగరు నూలుకు పడితే పటిక గట్టిగా పట్టుకుంటుంది. పొద్దున బట్ట పిండి, 30 గ్రాముల పటిక కరిగించిన వేడి నీళ్ళలో గంటసేపు ఉంచండి.

[దృశ్యం: గిన్నెలోకి బట్ట దిగుతోంది.]

చన్నీళ్ళలో పసుపు సరిగా కరగదు, తేలుతూ ఉంటుంది. అందుకని పొడిని పల్చటి గుడ్డలో మూట కట్టి, ఆరు లీటర్ల నీళ్ళలో అరగంట మరిగించాను. తడి చున్నీని విప్పి వేయండి, ఉండ చుట్టి వేస్తే చారలు పడతాయి. సన్న సెగ మీద ముప్పావుగంట, కర్రతో కలుపుతూనే ఉండాలి. దగ్గరకు రండి, ఈ కొంగు చూడండి. నీళ్ళలో నారింజ రంగులా ఉంది కదా? పైకి ఎత్తి పిండేసరికి బంతిపువ్వు. ఆరాక ఇంకా లేతబడుతుంది, అందుకే గిన్నెలో కాస్త ముదురుగానే ఉండనివ్వాలి.

చన్నీళ్ళలో జాడించి నీడలో ఆరేయండి. నీడలో అని గట్టిగా చెప్తున్నాను. పసుపు రంగుకు ఎండ పడదు. కరక్కాయ, పటిక ఎంత పెట్టినా మన విజయవాడ మే నెల ఎండలో కొన్నాళ్ళకే వెలిసిపోతుంది. పసుపు మరక పోవాలంటే ఎండలో వేయమని పెద్దవాళ్ళు చెప్పేది ఇందుకే.

ఇక సబ్బు. పారాణి ఎలా కలుపుతాం? పసుపులో సున్నం వేస్తే ఎర్రగా మారుతుంది. సబ్బులోనూ ఆ క్షారగుణమే ఉంది, సబ్బు తగిలితే చున్నీ కూడా ఎర్రబడుతుంది. కుంకుడుకాయ రసంతో ఉతికితే ఆ ఇబ్బంది లేదు.

[దృశ్యం: గిన్నెలో ఎండుమిరపకాయలు.]

గుంటూరులో మా పిన్ని అడిగింది: "ఇంత మిరపకాయ ఉందిగా, ఎర్ర రంగు దాంతో వేయకూడదూ?" కుదరదు పిన్నీ. మిరప ఎరుపు నూనెలో దిగుతుంది, నీళ్ళలో దిగదు. పచ్చడి మీద తేలే నూనె ఎర్రగా ఉంటుంది చూడు, అదే సంగతి. నీళ్ళలో ఎంత ఉడికించినా బట్టకు రంగు రాదు, ఇంట్లో అందరికీ దగ్గు వస్తుంది.

గిన్నెలో నీళ్ళు పారబోయకండి. ఇంకా రంగు మిగిలే ఉంది. గంజి తీసేసిన జేబురుమాళ్ళు రెండు వేసి రాత్రంతా వదిలేయండి, లేత నిమ్మపండు రంగు వస్తుంది.