పిన్ కొట్టారు కాబట్టి తప్పు మీదేనా?

"పిన్ లేకుండా ఏటీఎం డబ్బు ఇవ్వదు కదండీ. మీ పిన్ మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు కదండీ. మరి మమ్మల్ని ఏం చేయమంటారు?"

నమస్కారం. 2018లో హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక బ్యాంకు శాఖలో, మా బాబాయి పక్కన నిలబడి, కౌంటర్‌లోని ఆఫీసరమ్మ నోట నేను విన్న మాటలు ఇవి. ఆ బ్యాంకు పేరు చెప్పను, ఎందుకంటే ఈ మాటలు ఏ బ్యాంకు కౌంటర్‌లోనైనా వినిపించేవే.

జరిగింది ఇది. ఢిల్లీలోని ఒక ఏటీఎంలో బాబాయి ఖాతా నుంచి రాత్రి 11:52కి 20,000 రూపాయలు తీశారు. 12:03కి మరో 20,000. ఆ పదకొండు నిమిషాల తేడా గమనించారా? కార్డుకు రోజుకు ఇంత అని పరిమితి ఉంటుంది. తేదీ మారితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. దొంగలకు మన బ్యాంకు నిబంధనలు మనకంటే బాగా తెలుసు. బాబాయి పొద్దున్నే లేచి, పాల ప్యాకెట్లు తెచ్చి, కళ్లజోడు వెతుక్కుని ఫోను చూసేసరికి రెండు సందేశాలు. కార్డు మాత్రం చొక్కా జేబులో భద్రంగా ఉంది.

జేబులో ఉన్న కార్డు ఢిల్లీ ఎలా వెళ్లింది? కార్డు వెనక నల్లటి పట్టీ చూశారుగా, అందులో ఉండే సమాచారం ఎప్పుడూ ఒకటే. ఏటీఎంలో కార్డు దూర్చే చోట సన్నని పరికరం ఒకటి అమర్చితే, కార్డు లోపలికి వెళ్తుండగానే ఆ పట్టీని చదివేస్తుంది. అంకెల మీటల పైన ఎక్కడో గుండుసూది తలంత కెమెరా మీ వేళ్లను చూస్తుంది. ఆ సమాచారాన్ని ఖాళీ కార్డు మీదికి ఎక్కిస్తే నకలు తయారు. చిప్పుకు మాత్రం ఇలా నకలు తీయడం కుదరదు, ఎందుకంటే చిప్పు ప్రతి లావాదేవీకీ కొత్త సంకేతం తయారు చేస్తుంది. అందుకే 2018 డిసెంబరు 31 లోపల కార్డులన్నీ చిప్పుకు మారాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. బాబాయికి కొత్త కార్డు ఇంకా రాలేదు. నల్ల పట్టీ మాత్రం ఈనాటికీ మన కార్డుల వెనక కనిపిస్తూనే ఉంది.

ఇక ఆ ఆఫీసరు గారి తర్కానికి వద్దాం. పిన్ వాడారు కాబట్టి మీరే చెప్పి ఉంటారు, ఇదీ వాదన. 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు దీన్ని తిరగేసింది. తప్పు ఖాతాదారుడిదే అంటే, దాన్ని రుజువు చేయాల్సింది బ్యాంకు. మనం కాదు. పిన్ వాడారన్నది పిన్ చెప్పారనడానికి రుజువు ఎలా అవుతుంది? నన్నడిగితే, ఆ ఉత్తర్వు మొత్తంలో బంగారం లాంటి మాట ఇదే. కౌంటర్ దగ్గర ఎవరూ మనకు చెప్పని మాట కూడా ఇదే.

మోసంలో మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా, మధ్యలో ఇంకెక్కడో లోపం ఉంటే గడువు లెక్క మొదలవుతుంది. సందేశం అందిన రోజును వదిలేసి మూడు పని దినాల లోపల తెలియజేస్తే మీ నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు రోజులైతే, మామూలు పొదుపు ఖాతాకు ఒక్కో లావాదేవీకి గరిష్ఠంగా 10,000 రూపాయలు మీ నెత్తిన పడతాయి. ఏడు దాటితే బ్యాంకు బోర్డు పెట్టుకున్న విధానమే దిక్కు. లోపం బ్యాంకుదే అయితే ఈ గడువులతో పనే లేదు.

బాబాయిని కాపాడింది మాత్రం ఉత్తర్వు ఒక్కటే కాదు, ఒక మందుల షాపు చీటీ. కాగితం ముక్క కూడా పారేయని మనిషి ఆయన. రసీదులన్నీ పాత బిస్కెట్ల డబ్బాలో దాస్తాడు, పిన్ని విసుక్కుంటుంది. డబ్బు పోయిన ఆ రాత్రే 10:15కి దిల్‌సుఖ్‌నగర్‌లోనే రక్తపోటు మాత్రలు కొని ఇదే కార్డు గీకాడు. ఆ చీటీ బల్ల మీద పెట్టి, "అమ్మా, 10:15కి నేను ఇక్కడున్నాను. శంషాబాద్ విమానాశ్రయం చేరడానికే గంట పడుతుంది. 11:52కి ఢిల్లీలో ఎలా ఉంటాను?" అని అడిగాడు. ఆమె చీటీ చూసింది, మమ్మల్ని చూసింది, లోపలికి వెళ్లి మేనేజరును తీసుకొచ్చింది. అప్పుడు గానీ మా రాతపూర్వక ఫిర్యాదు మీద ముద్ర పడలేదు.

ఫిర్యాదు అందాక పది పని దినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. బాబాయికి తొమ్మిదో రోజున వేశారు, కానీ తీయడానికి వీల్లేకుండా ఆపి ఉంచారు. "వచ్చినట్టా, రానట్టా?" అని రోజూ నాకు ఫోను. మూడో నెలలో ఆ ఆంక్ష తీసేశారు.

మరి ఓటీపీ చెప్పేసినవాళ్ల సంగతి? అక్కడ నిబంధన కఠినం. మీరు బ్యాంకుకు తెలిపేదాకా పోయింది మీదే. కానీ తెలిపిన తరువాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకుది. చాలామంది సిగ్గుపడి, ఇంట్లో తిడతారని భయపడి రెండు రోజులు నోరు విప్పరు. ఆ రెండు రోజుల్లోనే మిగిలిందీ ఊడ్చుకుపోతుంది. తప్పు మీదే అయినా సరే, ముందు కార్డు ఆపించండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. డబ్బు ఇంకా ఖాతాల మధ్య తిరుగుతుంటే ఎక్కడో ఒకచోట ఆపే అవకాశం ఉంటుంది. ఏటీఎంలో నోట్లుగా బయటికి వచ్చేస్తే అదీ కష్టమే. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి, ఉన్నారు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే ఇవ్వవచ్చు, రుసుము లేదు.

ఇంకొక్క విషయం. బ్యాంకు యాప్‌లో కార్డు విభాగం తెరిచి, విదేశీ లావాదేవీలు తెరిచి ఉన్నాయేమో చూడండి. కొన్ని విదేశీ వెబ్‌సైట్లు ఓటీపీ అడగవు, కార్డు మీది అంకెలుంటే చాలు వాటికి. నాది మూసే ఉంచాను.

బాబాయికి డబ్బు వచ్చిందే గానీ, "నా కార్డుకు నకలు ఏ ఏటీఎంలో తీశారు?" అన్న ప్రశ్నకు బ్యాంకు ఇప్పటికీ జవాబు చెప్పలేదు. "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అన్న సందేశం ఒక్కటే వచ్చింది. ఆ యంత్రం ఏదో తెలియక, ఆయన ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా కార్డు పెట్టే చోటును రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపి చూస్తాడు. వెనక వరుసలో నిలబడ్డవాళ్లు ఆయన్నే అనుమానంగా చూస్తారు.