ఆ అమ్మాయి ఒక్కనాడూ విసుక్కోలేదు

శ్రోతలకు నమస్కారం.

ఈ మధ్య ఒక నవల చదివాను. పదహారు, పదిహేడేళ్ల పిల్లల కోసం రాసిన నవల. అందులో పదిహేడేళ్ల అమ్మాయికి క్యాన్సర్. మందులు ఇక పనిచేయవని, మహా అయితే ఆరు నెలలు బతుకుతుందని డాక్టర్లు చెప్పేస్తారు. ఆ ఆరు నెలల కథే నవల. పుస్తకం పేరు చెప్పను. దాన్ని ఎంతో ఇష్టపడ్డవాళ్లు ఉన్నారు, వాళ్ల కన్నీళ్లను తక్కువ చేయాలని నాకు లేదు. నేను కూడా రెండు చోట్ల కళ్లు తుడుచుకున్నాను. అయినా చివరి పేజీ చదివి మూసేసరికి మనసు చివుక్కుమంది. ఎందుకో చెప్పుకోవాలనిపించింది.

ఆ పుస్తకాన్ని నేను చాలా ఆశతో తెరిచాను. నాకు పదహారేళ్లప్పుడు క్లాసులో నా పక్కన కూర్చునే స్నేహితురాలికి బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. చూడటానికి వెళ్లిన ప్రతిసారీ ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. పరీక్షల గురించి మాట్లాడేదాన్ని. తను కూడా పరీక్షల గురించే అడిగేది. ఆ పరీక్షలు తను రాయదని మా ఇద్దరికీ తెలుసు. తెలుసన్న సంగతి ఒకరికొకరం చెప్పుకోలేదు, అంతే. అప్పుడు నాకు అలాంటి పుస్తకం ఒకటి దొరికి ఉంటే బాగుండేదని ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నాను. ఈ నవల గురించి వినగానే, ఇన్నాళ్లకు ఎవరో రాశారు అనుకున్నాను.

నవలలో అమ్మాయి రోజురోజుకీ సన్నబడుతుంది, ఆ కొద్దీ మరింత అందంగా కనిపిస్తుంది. నా స్నేహితురాలి ముఖం స్టెరాయిడ్ల వల్ల గుండ్రంగా ఉబ్బిపోయింది. అద్దం తీసేయమంది. ఫొటో తీస్తానంటే దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. నోట్లో పుళ్లు, ఏది తిన్నా ఇనుము నాకినట్టు ఉంటోందని ఏడుపు. అన్నిటికంటే ముందు అలసట. నిద్రపోయి లేచినా తీరని అలసట. క్యాన్సర్ ఉన్నవాళ్లు ఎక్కువగా చెప్పుకునే బాధల్లో అదొకటి. నవలలో అమ్మాయి మాత్రం చనిపోవడానికి మూడు వారాల ముందు కొండ ఎక్కి సూర్యోదయం చూస్తుంది.

ఇవి వైద్యానికి సంబంధించిన తప్పులు మాత్రమే అయితే నేను ఇంతగా బాధపడేదాన్ని కాదు. ఆ అమ్మాయి ఒక్కనాడు కూడా విసుక్కోదు. తల్లి మీద అరవదు. ఆరోగ్యంగా తిరిగే స్నేహితుల్ని చూసి కుళ్లుకోదు. నోరు తెరిస్తే చాలు, డైరీలో రాసుకోదగ్గ మాట ఒకటి వస్తుంది. ఆమెను ప్రేమించిన అబ్బాయి ఆ మాటలు విని మంచివాడవుతాడు. ఆలోచించగా నాకు అర్థమైంది, ఆమె చావును ఆ అబ్బాయికి పాఠంగా వాడుకున్నారు. చనిపోయేది ఆమె, ఎదిగేది అతను. ఆమెకంటూ ఏం మిగిలిందని ఆ నవల ఒక్కసారి కూడా అడగదు.

ఇంకొకటి. నవల ఐదు భాగాలుగా నడుస్తుంది. మొదట నమ్మకపోవడం, తర్వాత కోపం, తర్వాత దేవుడితో బేరం, దిగులు, చివరికి ఒప్పుకోవడం. కోపం ఉందంటారేమో, అది కూడా ఆకాశం వైపు చూసి అడిగే రెండు ప్రశ్నలే. ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే డాక్టరు మరణానికి దగ్గరగా ఉన్న రోగులతో స్వయంగా మాట్లాడి, 1969లో రాసిన పుస్తకంలో చెప్పిన దశలివి. చావు గురించి రోగితో మాట్లాడటానికే జంకే రోజుల్లో ఆమె వెళ్లి వాళ్ల మంచం పక్కన కూర్చుంది, అది పెద్ద పని. కానీ చిందరవందరగా ఉండే మనసుల్ని పొందికగా మూటలు కట్టడానికి ఈ దశలు చెప్పలేదని, వాటిని చాలామంది అపార్థం చేసుకున్నారని 2005లో వచ్చిన ఆమె చివరి పుస్తకంలోనే ఉంది. పొద్దున ఒప్పుకున్నవాళ్లు సాయంత్రానికి మళ్లీ కొత్త మందు కోసం వెతుకుతారు. నవలలో మాత్రం ఎక్కిన మెట్టు మళ్లీ దిగడం ఉండదు.

అయితే ఆ నవలలో ఒక్క చోట నా ఊపిరి ఆగింది. అర్ధరాత్రి అమ్మాయికి మెలకువ వస్తుంది. తలుపు సందులోంచి చూస్తే, తల్లి బల్ల దగ్గర కూర్చుని వచ్చే ఏడాది కాలేజీ అప్లికేషన్ నింపుతూ ఉంటుంది, కూతురి పేరు మీద. అమ్మాయి చూస్తుంది. తల్లి తల ఎత్తుతుంది. ఇద్దరూ ఏమీ అనరు. పేజీ తిప్పాను. తర్వాతి అధ్యాయం సముద్రం ఒడ్డున, అబ్బాయితో.

ఆ పేజీ తిప్పిన క్షణమే నా ఆశ పోయింది. ఎందుకంటే అసలు కథ అక్కడ ఉంది. 1965లో గ్లేజర్, స్ట్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఆస్పత్రుల్లో మరణాన్ని గమనించి రాసిన పుస్తకంలో దీనికి పరస్పర నటన అని పేరు పెట్టారు. రోగికి తెలుసు, చుట్టూ ఉన్నవాళ్లకీ తెలుసు, అందరూ తెలియనట్టే ఉంటారు. తర్వాత మైరా బ్లూబాండ్ లాంగ్నర్ అనే మానవశాస్త్రవేత్త లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ ఉన్న చిన్నపిల్లల మధ్య గడిపి, 1978లో ఇంకా మనసు కలచివేసే సంగతి రాసింది. మూడేళ్ల నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలు వాళ్లు. ఎవరూ చెప్పకపోయినా తాము చనిపోతున్నామని వాళ్లకు తెలుసు. పెద్దల మాటలు చాటుగా విని, పక్క మంచం మీది బిడ్డకు ఏమైందో చూసి తెలుసుకున్నారు. తెలిసి కూడా, అమ్మానాన్నలు తట్టుకోలేరని తెలియనట్టే ఉన్నారు. ఐదేళ్ల బిడ్డ తల్లిని కాపాడటం! పదిహేడేళ్ల పిల్ల ఇంకెంత మోస్తుంది?

పిల్లలకు ఇంత బరువు అక్కర్లేదు, మెత్తగా చెప్పాలి అనేవాళ్లుంటారు. నేను ఒప్పుకోను. టాల్‌స్టాయ్ 1886లో రాసిన 'ఇవాన్ ఇల్యీచ్ మరణం' నేను పంతొమ్మిదేళ్లకు చదివాను. అందులో రోగిని నొప్పికంటే ఎక్కువగా పీడించేది చుట్టూ ఉన్నవాళ్ల అబద్ధం. గెరాసిమ్ అనే పనివాడు ఒక్కడే ఆ అబద్ధం ఆడడు. కాళ్లు పైకి పెడితే నొప్పి తగ్గుతోందంటే, రాత్రంతా ఆ కాళ్లను తన భుజాల మీద పెట్టుకుని కూర్చుంటాడు. చదివి నేను భయపడలేదు. మూడేళ్ల ముందు నేను చేయలేనిది ఏమిటో తెలిసి, గట్టిగా ఏడ్చాను.

ఈ నవల రచయిత్రికి కూడా ఆ గది తలుపు తెరవడం వచ్చు. అర్ధరాత్రి సన్నివేశం రాయగలిగినామెకు తర్వాతి నాలుగు పేజీలు రాయడం రాదని నేననుకోను. ఆ తల్లీకూతుళ్లను అక్కడే ఇంకాసేపు ఉంచాల్సింది. అప్లికేషన్ నింపడం ఆపమని కూతురు చెబుతుందా? తనే పెన్ను తీసుకుని సంతకం చేస్తుందా? నాకు తెలుసుకోవాలని ఉంది.

చివరిసారి వెళ్లినప్పుడు నా స్నేహితురాలు దిండు కింద నుంచి నా ఫిజిక్స్ నోట్సు తీసి ఇచ్చింది. "తీసుకెళ్లవే, నాకిక అక్కర్లేదు" అంది. నేను నవ్వి, "పరీక్షలయ్యాక ఇద్దువుగానిలే" అన్నాను. ఒక్క నిమిషం నా ముఖంలోకి చూసి, "సరేలే" అని మళ్లీ దిండు కింద పెట్టుకుంది.

సెలవు. నమస్కారం.