దూదికి అంటిన నలుపు

(గ్రంథాలయ వారోత్సవాల్లో తెనాలిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే ఇద్దరు చదివారు, నేను మళ్ళీ చదవను. ముందు ఒక చిన్న పని ఉంది. బాబూ, ఆ రెండు ఫ్యాన్లూ ఆపెయ్యి. నవంబరే కదా, కాసేపు ఓర్చుకోండి. ఈ బల్ల మీద తడి గ్రామఫోన్ ప్లేటు ఉంది. ఫ్యాను తిరిగితే హాల్లో దుమ్మంతా దాని మీదే వాలుతుంది.

ఈ ప్లేటు నాది కాదు. ముందు వరుసలో కూర్చున్న ఈ అమ్మ పొద్దున పాత చీర ముక్కలో చుట్టి తెచ్చారు. వాళ్ళ అత్తగారింటి అటక మీద దొరికిందట. లేబుల్ ఊడిపోయింది. ఎవరు పాడారో, ఏం పాడారో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. ఇందాక మీ కళ్ళ ముందే కడిగి, వంటింటి ప్లేట్ల స్టాండులో నిలబెట్టాను. ఆరేలోపు నాకిచ్చిన విషయం మాట్లాడతాను. 'ఇంట్లో రికార్డుల సంరక్షణ' అని కరపత్రంలో వేశారు.

మా నాన్నది మైకు సెట్టు. ఒక యాంప్లిఫైయరు, రెండు హారన్లు, ఒక రేకు పెట్టె నిండా ప్లేట్లు. పెళ్ళిళ్ళు, రామనవమి పందిళ్ళు, తిరునాళ్ళు. పెళ్ళివారు ఆయనకి భోజనం పెట్టడం మర్చిపోయినా ఏమీ అనేవారు కాదు గానీ, ఎవరైనా వచ్చి ప్లేటు మీద వేలు పెడితే మాత్రం కోపం వచ్చేది. రెండు అరచేతులూ అంచులకు ఆనించి పట్టుకోవాలి. లేదా బొటనవేలు అంచుకీ, మిగతా వేళ్ళు మధ్య లేబుల్‌కీ తగలాలి. గాడి మీద వేలు పడకూడదు. వేలికి ఉన్న నూనె అక్కడే ఉండిపోతుంది, దానికి దుమ్ము అతుక్కుంటుంది, వానాకాలంలో దాని మీదే బూజు పడుతుంది. మనది కాలవల ప్రాంతం. అటక మీది ప్లేట్ల మీద తెల్లటి చుక్కలు చూసే ఉంటారు, అది బూజే.

గాడి అంటే ఏమిటో ఒక్క మాట చెప్పాలి. ఎల్పీకి, అంటే లాంగ్‌ప్లే ప్లేటుకి, ఒక వైపు ఉన్నది ఒకే ఒక్క గాడి. బయటి అంచు నుంచి లోపలికి చుట్టుకుంటూ పోతుంది. విప్పి నేల మీద పరిస్తే దాదాపు అర కిలోమీటరు పొడవు వస్తుంది. వెడల్పు మాత్రం మన తల వెంట్రుక అంత కూడా ఉండదు. ఆ సన్నటి గాడి గోడల మీద గొంతు చెక్కి ఉంటుంది. స్టీరియో అయితే ఒక గోడ మీద ఎడమ వైపు శబ్దం, రెండో గోడ మీద కుడి వైపు శబ్దం. అందులో ఒక దుమ్ము కణం పడితే ముల్లు దాన్ని తోసుకుంటూ పోతుంది, గోడని గీస్తుంది. మీకు వినిపించే ఆ చిటపట అదే. దుమ్మును తరవాత తీసెయ్యొచ్చు. గీత పడిందంటే మాత్రం ఇక పోదు.

కాబట్టి ప్లేటు పెట్టిన ప్రతిసారీ ముందు పొడి బ్రష్‌తో దుమ్ము తియ్యాలి. కార్బన్ ఫైబర్ బ్రష్‌లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ప్లేటు తిరుగుతుండగా బ్రష్ ఊరికే ఆనించి, రెండు చుట్లు తిరిగాక మెల్లగా అంచు వైపు తీసెయ్యండి. నొక్కొద్దు. పంచె కొంగుతో, చీర కొంగుతో తుడవొద్దు. నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి. మా నాన్న కూడా ఊదేవారు, ఆ ఒక్క విషయంలో ఆయన చేసింది తప్పే.

ఇక కడగడం. అసలు నేను ఇక్కడికి వచ్చింది ఈ ఒక్క మాట చెప్పడానికే. కడిగే ముందు మీ చేతిలో ఉన్నది లక్క ప్లేటా, వినైల్ ప్లేటా చూసుకోండి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లు లక్కవి. బరువుగా ఉంటాయి, వంగవు, కింద పడితే పెంకులా పగులుతాయి. మన దగ్గర 1960ల దాకా అవే. ఎల్పీలు, చిన్న ఈపీలు వినైల్‌వి. అవి తేలిగ్గా ఉంటాయి, కాస్త వంగుతాయి, లేబుల్ మీద 33⅓ అనో 45 అనో ఉంటుంది. అమెరికాలో ఎల్పీ వచ్చింది 1948లో. మన ఇళ్ళకి చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. అందుకే మన పెట్టెల్లో రెండు రకాలూ కలిసిపోయి ఉంటాయి.

లక్క అంటే వేరే ఏదో అనుకోకండి. మోదుగ చెట్ల మీద, రేగు చెట్ల మీద లక్క పురుగు పెట్టే జిగురే. ఏటికొప్పాక బొమ్మలకి రంగు పట్టించేది, హైదరాబాద్ లాడ్‌బజార్‌లో గాజులు చేసేది దానితోనే. అదే లక్కలో రాతిపొడి, మసి కలిపి ప్లేట్లు అచ్చువేశారు.

నాన్న పోయిన ఏడాది నేను ఆ రేకు పెట్టె తెరిచాను. అందులో ఒక ప్లేటు ఉండేది. లేబుల్ని ఎలకలు కొరికేశాయి, కంపెనీ పేరు సగమే మిగిలింది. ఒక వైపు హరిశ్చంద్ర నాటకం కాటిసీను పద్యాలు. నాన్న దాన్ని ఏ పెళ్ళిలోనూ వెయ్యలేదు. రాత్రి పందిరి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, హారన్ తగిలించకుండా, చిన్న పెట్టెలో మెల్లగా అది ఒక్కటీ పెట్టుకుని వినేవారు. పద్యం చివర ఆ గొంతు రాగం తీస్తుంటే మధ్యలో ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించేది. మంచం మీద కళ్ళు మూసుకుని నేనూ ఆ ఊపిరి కోసం ఎదురు చూసేదాన్ని. పాడింది ఎవరని నాన్నని ఎప్పుడూ అడగలేదు. ఆయనకి తెలుసు. ఎప్పుడైనా అడగొచ్చులే అనుకున్నాను.

ప్లేటు నిండా బూజు పట్టి ఉంది. ఇంట్లో స్పిరిట్ సీసా ఉంది, నాన్నకి ఇన్సులిన్ చెయ్యడానికి తెచ్చింది, సగం మిగిలింది. దూది తడిపి తుడిచాను. దూది నల్లగా వచ్చింది. ఇన్నేళ్ళ మురికి వదులుతోంది కదా అని సంతోషపడ్డాను. ఇంకో దూది ముక్క తీశాను, అదీ నల్లగా వచ్చింది. ఇంకోటి. ఎంత తుడిచినా నలుపు ఆగడం లేదు. నాలుగో ముక్కకి వేలికి జిగురు తగిలింది. ప్లేటు మెరుపు పోయింది. ఆరబెట్టి ముల్లు పెడితే హోరు తప్ప ఏమీ లేదు. ఆ హోరులో ఎక్కడో దూరంగా రాగం ఉందనిపించింది. చెవి ఆనించి విన్నాను. లేదు.

ఏం జరిగిందో అప్పుడు అర్థం కాలేదు. ఆ ఎండాకాలం ఇంటి తలుపులకి పాలిష్ చెయ్యడానికి వడ్రంగి వచ్చాడు. సీసాలో స్పిరిట్ పోసి, గోధుమరంగు రేకులు పిడికెడు వేసి మూత పెట్టాడు. ఇదేంటయ్యా అంటే, లక్కమ్మా, రేపటికి కరిగిపోద్ది అన్నాడు. నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. నేను దూదితో తుడిచి పారేసింది మురికి కాదు, ఆ గొంతునే.

ఘంటసాల గారి పుష్పవిలాపం ప్లేటు నేను పాడుచేసినా ఇంకో వంద ఇళ్ళలో ఉంటుంది. తరవాత ఎల్పీ వచ్చింది, క్యాసెట్ వచ్చింది, ఇవాళ మీ ఫోన్‌లో ఉంది. ఈలపాట రఘురామయ్య గారి పద్యాలు వెతికితే దొరుకుతాయి. పేరు లేని ఆ మనిషి నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఆ రోజు నుంచి నాటకాల పద్యాలు ఎక్కడ వినిపించినా ఆగి వింటున్నాను. ఆ ఊపిరి మళ్ళీ వినపడలేదు.

క్షమించండి, సమయం అయిపోతోందని చీటీ పంపారు. రెండు నిమిషాలు.

కడిగే పద్ధతి చెప్తాను. బోరు నీళ్ళు వాడొద్దు, కుళాయి నీళ్ళూ వద్దు. మన నీళ్ళలో ఉప్పు ఎంత ఉందో బకెట్ అంచున పట్టిన తెల్లటి చార చూస్తే తెలుస్తుంది. ఆ చారే ఆరాక గాడిలో మిగులుతుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ కొనుక్కోండి. యాసిడ్ క్యాన్ కూడా పక్కనే ఉంటుంది, పేరు చదివి తీసుకోండి. లీటరు నీళ్ళకి సువాసన లేని గిన్నెల సబ్బు ద్రవం రెండు చుక్కలు చాలు. మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే గుండ్రంగా రుద్దాలి, అడ్డంగా వద్దు. లేబుల్ తడవనివ్వొద్దు. తరవాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది, నీడలో నిలబెట్టండి. లక్క ప్లేటుని మాత్రం నీళ్ళలో నానబెట్టకండి. గబగబా కడిగి వెంటనే తడి తియ్యాలి.

వినైల్‌కి స్పిరిట్ కొంచెం కలిపితే ఏమీ కాదంటారు. నిజమే. అయినా నేను కలపను. పెట్టెలో రెండు రకాలూ కలిసి ఉన్నప్పుడు ఆ సీసా గదిలోనే ఉండకూడదు.

దాచడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఈ లైబ్రరీలో బీరువాలు చూడండి. పుస్తకాల్లాగే నిటారుగా నిలబెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, పక్కకి వాల్చొద్దు. పడమటి కిటికీ పక్కన పెడితే మే నెలలో ఎల్పీ అప్పడంలా వంకర పోతుంది. కొత్త లోపలి కవర్లు కొనండి, పాత అట్టలు మాత్రం పారెయ్యకండి. పాడినవాళ్ళ పేర్లు ఆ అట్టల మీదే ఉంటాయి.

ఇంకొక్క మాట, ఇది చీటీ పంపినా చెప్తాను. మొన్న ఒక హోటల్‌కి వెళ్ళాను. గోడ నిండా ఎల్పీలు, మేకులు కొట్టి తగిలించారు. కొన్నిటిని వేడిచేసి గిన్నెల్లా వంచి అందులో చిప్స్ పెట్టి ఇచ్చారు. నా ముందు పెట్టిన గిన్నె అడుగున లేబుల్ చదివాను, హరికథ. తినలేకపోయాను. ఆడవేషాలకి పేరుపడ్డ స్థానం నరసింహారావు గారు ఈ ఊరి నాటక సమాజం రామవిలాస సభలో వేషం కట్టారు. ఆయనతో పాటు ఎంతమంది పాడి ఉంటారు, ఎంతమంది పేర్లు మనకి తెలుసు? అమ్మా, మీరందరూ ఇంటికెళ్ళాక అటక ఎక్కించండి ఎవరినైనా. పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చే ముందు నాకొక్క కబురు పెట్టండి. నేనే వచ్చి తీసుకెళ్తాను, కడిగి, కంప్యూటర్‌లో ఎక్కించి, ప్లేటు తిరిగి మీ ఇంటికే తెచ్చిస్తాను.

ఇదిగో, ఆరింది. అంచు మీద ఒక చిన్న పగులు ఉంది, గాడి దాకా రాలేదు. పాత గ్రామఫోన్ తెమ్మని ఎవరో అన్నారు, నేను తేలేదు. దాని ముల్లు వంద గ్రాములకు పైగా బరువుతో నొక్కుతుంది, ప్రతి వైపుకీ మార్చాల్సిన స్టీలు ముల్లు. ఈ ప్లేయరుకి 78 కోసం లావు ముల్లు విడిగా పెట్టించాను, నాలుగైదు గ్రాములకు మించదు.

అమ్మా, మీరు ఇటు రండి, మీ ప్లేటు కదా, దగ్గర నిలబడండి. బాబూ, ఆ వీధి తలుపు దగ్గరికి వెయ్యి. పెడుతున్నాను.