ఖననాల పుస్తకం చెప్పని మాట

శ్రోతలకు నమస్కారం.

టౌన్‌షిప్ అనగానే మనకు కర్మాగారం పక్కన ఉద్యోగుల కోసం కట్టిన క్వార్టర్లు గుర్తుకు వస్తాయి. ఉత్తర ఇంగ్లండులో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ ఒక్కొక్క చర్చి పరిధి, అంటే పారిష్, ఎన్నో ఊళ్ల మేర విస్తరించి ఉండడంతో, పేదల పోషణ భారాన్ని టౌన్‌షిప్‌లు, అంటే ఆ పారిష్‌లోని ఒక్కొక్క ఊరు, వేటికవే చూసుకునేందుకు 1662 నాటి చట్టం వీలు కల్పించింది. బ్రాడ్‌ఫర్డ్ పారిష్‌లో, యార్క్‌షైర్ కొండల మీద ఉన్న హావర్త్ అటువంటి ఊరు.

అక్కడి కుటుంబ చరిత్రను వెదికేవారు 1851 జనాభా లెక్కలతో మొదలుపెట్టడం మంచిది. 1841 లెక్కల్లో పెద్దల వయస్సును చాలావరకు అయిదేళ్ల మెట్టుకు తగ్గించి రాశారు, పుట్టిన ఊరు అసలే రాయలేదు. 1851లో పుట్టిన ఊరు, బంధుత్వం, వృత్తి అన్నీ దొరుకుతాయి. అక్కడినుంచి 1837 జూలై 1న మొదలైన ప్రభుత్వ జనన మరణ రిజిస్టర్లకు, ఆపైన చర్చి పుస్తకాలకు వెనక్కు నడవాలి.

1813 నుంచి చర్చి ఖనన రిజిస్టరులో పేరు, నివాసం, తేదీ, వయస్సు, అంత్యక్రియ జరిపినవారి సంతకం అన్న అచ్చు గడులు ఉంటాయి. ఒకే ఇంటిపేరు కింద నెలల పసికందు, రెండేళ్ల బిడ్డ, మళ్లీ మరో పసికందు కనిపించినప్పుడు, ఆ పేర్ల నుంచి వంశవృక్షంలో కొమ్మ సాగదు కనుక చాలామంది దాటిపోతారు. అలా దాటిపోవడం అన్యాయమని నా అభిప్రాయం. ఆ బిడ్డలు ఎందుకు పోయారో తెలియాలంటే ఇంటి కాగితాలు చాలవు, ఊరి కాగితాలు కావాలి.

హావర్త్‌కు అటువంటి కాగితం ఉంది. 1820 నుంచి అక్కడి చర్చి బాధ్యత చూసిన పాట్రిక్ బ్రాంటీ, ఊరివారు కలిసి పెట్టుకున్న అర్జీ మీద ప్రభుత్వ ఆరోగ్య మండలి తన తనిఖీ అధికారి బెంజమిన్ హెర్షెల్ బాబేజ్‌ను పంపగా, బాబేజ్ 1850లో విచారణ జరిపి నివేదిక ఇచ్చాడు. ఆ ఊళ్లో మరణించినవారి సగటు వయస్సు 25.8 ఏళ్లు. నూటికి 41 మందికి పైగా ఆరేళ్లు నిండకముందే పోయారు. పెద్దలందరూ ఇరవై అయిదేళ్లకే పోయేవారని దీని అర్థం కాదు, పసిపిల్లల చావులే సగటును కిందికి లాగాయి. సరైన మురుగు కాలువలు లేవు, పెంటకుప్పలు ఇళ్లను ఆనుకుని ఉండేవి, మంచి నీటికి కటకట, శ్మశానం కిక్కిరిసిపోయింది. లెక్కల పుటల్లో ‘ఉన్ని దువ్వేవాడు’ అన్న చిన్న మాట వెనుక కూడా, దువ్వెనలు కాచే పొయ్యి వేడికి గాలి ఆడని గది ఒకటి ఉంది. ఆ కుటుంబం అక్కడే వండుకుని, అక్కడే నిద్రించేది.

ఇక్కడ నివాసం గడి విలువైనది. కొండ మీది స్టాన్‌బరీ వంటి చిన్న పల్లెల వారిని సైతం హావర్త్ చర్చి వద్దనే ఖననం చేసేవారు కాబట్టి, బిడ్డ ఏ ఊరి బిడ్డో ముందు తేల్చుకుని, ఆ తరువాత 1851 లెక్కల్లో ఆ ఇంటిని, దానికి అటూ ఇటూ ఉన్న ఇళ్లనూ చదవాలి.