హోండురస్ వెళ్తున్న మన పిల్లలతో
(అమెరికాలోని ఒక తెలుగు సంఘం యువజన కూడికలో చేసిన ప్రసంగం)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

జూన్‌లో సేవకని మధ్య అమెరికాలోని హోండురస్ దేశంలో ఒక పల్లెకు వెళ్తున్న మన సంఘం పిల్లలు ముందు వరుసల్లో కూర్చున్నారు, కన్నవాళ్లు వెనక కూర్చున్నారు. ఇద్దరికీ చెప్పాల్సింది ఒకటే కాబట్టి కలిపే చెబుతాను. ఆ ఊళ్లో మీరు ఊరికే చేసిపెట్టే పని అక్కడ ఎవరికో ఒకరికి కూలి పని. ఆ సంగతి తేల్చుకోకుండా విమానం ఎక్కకండి.

1998 అక్టోబరు చివర్లో మిచ్ తుఫాను హోండురస్‌ను ముంచేసింది. వేల మంది చనిపోయారు, కొండచరియలు విరిగిపడి ఇళ్లు కొట్టుకుపోయాయి. అప్పుడు ఉత్తర అమెరికా చర్చిల నుంచి బృందాలు బయలుదేరి వెళ్లి ఇళ్లు కట్టాయి. కర్ట్ వెర్ బీక్ అనే సమాజశాస్త్ర ఆచార్యుడు, ఎన్నో ఏళ్లుగా అక్కడే కాపురముంటున్న విశ్వాసి, తర్వాత ఆ లెక్క తీశాడు. ఒక ఇల్లు కట్టడానికి సుమారు 2,000 డాలర్లు అయ్యాయి. ఒక బృందం వెళ్లిరావడానికి అయిన ఖర్చు దాదాపు 30,000 డాలర్లు. ఆ ఇళ్లలో కాపురం పెట్టినవాళ్లనూ అడిగాడు. అమెరికా వాళ్లు కట్టిన ఇంట్లో ఉన్నవాళ్లకూ, స్థానికులు కట్టిన ఇంట్లో ఉన్నవాళ్లకూ బతుకులో పెద్ద తేడా ఏమీ కనబడలేదు. వెళ్లొచ్చినవాళ్లలో చాలామంది ‘ఆ ప్రయాణం తర్వాత మా కానుకలు పెరిగాయి’ అన్నారు. వాళ్లను పంపిన సంస్థ పద్దుల్లో మాత్రం ఆ పెరుగుదల అంతగా కనబడలేదు.

మన బడ్జెట్ కాగితం నేనూ చూశాను. టికెట్లు, ఇన్సూరెన్సు, వ్యాను అద్దె, టీషర్టులు అన్నీ ఉన్నాయి. టీషర్టులు ఏ రంగువో తేల్చడానికి ఒక మీటింగంతా పట్టిందట! ఆ ఊరి మేస్త్రీకి ఇచ్చే కూలి మాత్రం ఎక్కడా రాయలేదు.

ఈ సంగతి మనకు వేరే దేశంవాళ్లు వచ్చి చెప్పనక్కర్లేదు. మనం సాయం అందుకున్న ఒడ్డున పుట్టినవాళ్లం. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతంలో జనం ఆకలికి అల్లాడుతుంటే, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఏం చేశాడో మీ తాతమ్మల్ని అడగండి. ఆయన మిషనరీ కాకముందు భూమి కొలిచే సర్వేయరు పని చేసినవాడు. ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు కాంట్రాక్టు పట్టాడు. వేలమందిని, అందులో ఎక్కువమంది మాదిగలే, పనిలో పెట్టి కూలి ఇప్పించాడు. గట్టు మీద నిలబడి అజమాయిషీ చేసినవాళ్లు మన తెలుగు బోధకులే. తిండి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని కరువు పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి మనం ప్రతి జూబిలీలోనూ చెప్పుకుంటాం. దానికి ముందు జరిగిన కూలి లెక్క ఎవరూ చెప్పరు. అమెరికా నుంచి కుర్రాళ్లు ఓడెక్కి వచ్చి రెండు వారాలు ఆ కాలువ తవ్వి, ఫొటోలు దిగి వెళ్లిపోయి ఉంటే మన ముత్తాతల కడుపు నిండేదా?

1983లో ఖమ్మంలో హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే ఇళ్లు కట్టించే సంస్థ మన దేశంలో మొదటిసారి పని మొదలుపెట్టింది. అది కూడా క్రైస్తవ సంస్థే. వాళ్ల పద్ధతిలో ఇల్లు కావలసిన కుటుంబం తానూ చెమటోడ్చాలి, లాభం వేసుకోని అప్పును కొద్దికొద్దిగా తీర్చాలి. కాబట్టి ఆ ఇంటి మీద ఆ కుటుంబానికి హక్కుంటుంది.

‘అయితే మానేయమంటారా అంకుల్?’ అని ఒక అమ్మాయి మెట్ల దగ్గర అడిగింది. 1968లో ఇవాన్ ఇల్లిచ్ అనే కాథలిక్ ఫాదర్, సేవకని మెక్సికో వెళ్లే అమెరికా విద్యార్థుల ముఖం మీదే ఆ మాట అనేశాడు. చూడటానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేస్తామని మాత్రం రావద్దన్నాడు. నేను అంత దూరం పోను. మీరు వెళ్లండి. చుట్టాలింటికి వెళ్లినట్టు వెళ్లండి, ఊరిని ఉద్ధరించడానికి కాదు.

మీరు వెళ్లే నెల కూడా తెలుసుకోండి. జూన్‌లో అక్కడ వానలు పడుతుంటాయి. నిరుటి మొక్కజొన్న గాదెలో అడుగంటి, కొత్త పంట ఆగస్టుకుగానీ చేతికి రాని రోజులవి. అలాంటప్పుడు కూడా మీకోసం కోడిని కోస్తారు. వద్దనకండి, ఆ ఇల్లాలు చిన్నబుచ్చుకుంటుంది. కానీ మన వంట ఖర్చు ముందే ఆ ఊరి ఆడవాళ్ల చేతిలో పెట్టాలి. బీన్సు, టోర్టిల్లాలనే మొక్కజొన్న రొట్టెలు వాళ్లే చేసిపెడతారు. ఇక్కడి నుంచి నూడుల్స్ పెట్టెలు మోసుకెళ్లొద్దు. ఇంకోమాట, అక్కడ పల్లెల్లో కూడా ఇవాంజెలికల్ చర్చిలు ఉన్నాయి. వారమంతా కాఫీ తోటలో పనిచేసి ఆదివారం వాక్యం చెప్పే పాస్టరు ఉంటే, ఆ ఆదివారం మీరు వినడానికి కూర్చోండి. మైకు అడగొద్దు.

మెడిసిన్ చదవాలనుకునే పిల్లలు ముగ్గురు నలుగురు ఉన్నారు. తల్లిదండ్రుల ఆశ నాకు తెలుసు: కాలేజీ అప్లికేషన్‌లో ఒక మంచి పేరా. డల్లాస్ ఆసుపత్రిలో మిమ్మల్ని ముట్టుకోనివ్వని సూదిని హోండురస్ పల్లెలోనూ ముట్టుకోకూడదు. అమెరికా వైద్య కళాశాలల సంఘం మార్గదర్శకాలు కూడా, శిక్షణ లేకుండా విదేశాల్లో రోగుల మీద చెయ్యి వేయొద్దనే చెబుతున్నాయి. ఆ పేరా రాసి పంపితే మెచ్చుకోవడం మాట అటుంచి, అనుమానంగా చూస్తారు.

అనాథాశ్రమం సందర్శన అన్న మాట ప్రోగ్రాంలో ఉంది, దయచేసి తీసేయండి. 2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత అమెరికా నుంచి వచ్చిన పదిమంది బాప్టిస్టులు 33 మంది పిల్లల్ని అనాథలంటూ సరిహద్దు దాటించబోయి అరెస్టయ్యారు. తీరా చూస్తే ఆ పిల్లలకు తల్లో తండ్రో బతికే ఉన్నారు. వాళ్ల మనసు చెడ్డదని నేననను. సందర్శకులు ముద్దు చేసి డబ్బిచ్చి వెళ్తుంటే పిల్లలు ఇంటికి చేరరు, ఆశ్రమానికే చేరతారు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంటుంది. ఈలోగా ఆ ఊరి పాస్టరుగారికి స్పానిష్‌లో ఒక ఉత్తరం పోవాలి. అందులో మూడే ప్రశ్నలు. మీకు ఏ పని అవసరం? దాన్ని మీ ఊళ్లో ఎవరు చేయగలరు? వాళ్ల రోజు కూలి ఎంత? జవాబు వచ్చాక బడ్జెట్ మళ్లీ రాద్దాం. టీషర్టుల డబ్బు ముందు అక్కడికి మళ్లించండి.