రీఛార్జ్ రేటు 25 శాతం పెరిగితే కంపెనీ ఆదాయం ఎంత పెరుగుతుంది?

2024 జూలై 3న జియో రేట్లు పెంచింది. అప్పటి నుంచి రెండు మాటలు వింటూనే ఉన్నాను. "కంపెనీకి ఒక్కసారిగా పాతిక శాతం ఆదాయం పెరిగింది" అని కొందరు, "కోటి మంది వదిలేశారు, దెబ్బతింది" అని ఇంకొందరు. రెండూ తప్పే.

రోజుకు 1.5 జీబీ, 28 రోజుల ప్లాన్ 239 నుంచి 299 అయింది. పెరిగిన 60లో జీఎస్టీ పోగా కంపెనీకి చేరేది 51 దాకా. సరే, పాతిక శాతమే. కానీ ఒక్కో కస్టమర్ నుంచి నెలకు వచ్చే సగటు ఆదాయం, అంటే ఆర్పు, ఏప్రిల్-జూన్‌లో 181.7 రూపాయలు ఉంటే జూలై-సెప్టెంబర్‌లో 195.1 అయింది. పెరిగింది ఏడు శాతం చిల్లర. మిగతాది ఏమైంది?

అమీర్‌పేటలో కూపన్ పుస్తకాలు అమ్మే మెస్ ఒకటి ఉందనుకోండి. రేటు పెరుగుతుందని బోర్డు పెట్టగానే అందరూ ఏం చేస్తారు? ఆ రోజే రెండు పుస్తకాలు కొనేస్తారు. అవి అయిపోయేదాకా పాత రేటుకే భోజనం. జూన్ చివర్లో జరిగింది అదే. ఏడాది ప్లాన్ 2,999 నుంచి 3,599 అవుతోందని తెలిసి, ముందే రీఛార్జ్ చేసుకున్నవాళ్లకు 600 మిగిలాయి. ఆ డబ్బు కంపెనీ చేతికి అప్పుడే వచ్చినా, దాన్ని ఆదాయంగా రాసుకునేది రోజులు గడిచేకొద్దీనే. అందుకే రేట్లు మళ్లీ పెంచకపోయినా ఆర్పు అక్టోబర్-డిసెంబర్‌లో 203.3కి, ఆ తర్వాతి మూడు నెలల్లో 206.2కి ఎక్కింది. కూపన్లు ఒక్కొక్కటే అయిపోతున్నాయన్నమాట! నాకు ఇందులో బాగా నచ్చే విషయం ఇదే.

ఇక వదిలేసినవాళ్లు. రెండు మెస్సుల్లో పుస్తకాలున్నవాడు రేటు పెరిగితే ఒకటి మానేస్తాడు. రెండో సిమ్ సంగతీ అంతే.

[స్క్రీన్ మీద, సుమారు లెక్క]
48.97 కోట్ల మంది × 181.7 = నెలకు 8,898 కోట్లు
47.88 కోట్ల మంది × 195.1 = నెలకు 9,341 కోట్లు

కోటి మందికి పైగా పోయినా నెలకు 440 కోట్లు ఎక్కువే. మెస్‌లో అయితే తినేవాళ్లు తగ్గితే బియ్యమైనా మిగులుతాయి. టవర్ కరెంటు, స్పెక్ట్రమ్ (సిగ్నల్ తరంగాలు వాడుకునే హక్కు) కోసం ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీ మాత్రం మనుషులు తగ్గినా పెరిగినా దాదాపు అంతే. కాబట్టి లైసెన్స్ ఫీజు లాంటివి పోను, పెంచిన రూపాయిలో చాలా భాగం లాభంలోకే వెళ్తుంది.

టైమ్ అయిపోతోంది, త్వరగా చెప్పేస్తాను. 28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి 13 రీఛార్జ్‌లు. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. 30 రోజుల ప్లాన్ ఒక్కటైనా ఉండాలని 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాల్సి వచ్చింది. ఇంకోటి, అన్‌లిమిటెడ్ 5జీని రోజుకు 2 జీబీ, ఆపై ప్లాన్లకే పరిమితం చేశారు. 5జీ కావాలంటే మనమే పెద్ద ప్లాన్‌కి మారతాం. రేటు ముట్టుకోకుండా ఆర్పు పెంచే ఈ పద్ధతి గురించి వచ్చే వీడియోలో వివరంగా చెబుతాను.