నర్సింగ్ అసిస్టెంట్ శిక్షణలో చేర్చుకునే ముందు ఏం చూస్తారు? (ఫోన్-ఇన్)

వ్యాఖ్యాత: నమస్కారం. నర్సింగ్ అసిస్టెంట్ శిక్షణకు దరఖాస్తు పెట్టుకునేవాళ్ల కోసం ఇవాళ్టి ఫోన్-ఇన్. మీ సందేహాలకు నర్సింగ్ ట్యూటర్ మేడమ్ జవాబిస్తారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో?

శ్రోత: హలో... వినిపిస్తోందా అండీ?

వ్యాఖ్యాత: వినిపిస్తోందమ్మా. రేడియో సౌండ్ కాస్త తగ్గించి మాట్లాడండి.

శ్రోత: ఆ, తగ్గించాను. మేడమ్, నాకు టీబీ చర్మ పరీక్ష పాజిటివ్ అన్నారు. దగ్గు లేదు, జ్వరం లేదు. ఇంట్లో అందరూ ఒకటే కంగారు. ఇక సీటు రానట్టేనా?

ట్యూటర్: ముందు మీరు టెన్షన్ పడకండమ్మా. పాజిటివ్ అన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. చిన్నప్పుడు టీబీ రాకుండా వేసే బీసీజీ టీకా వేశారా?

శ్రోత: వేశారండి, భుజం మీద మచ్చ ఉంది.

ట్యూటర్: ఆ టీకా వల్ల కూడా పాజిటివ్ రావచ్చు. సూది వేసిన ఎంతసేపటికి చూశారు?

శ్రోత: మర్నాడే. ఎర్రగా ఉందని పాజిటివ్ రాసేశారు.

ట్యూటర్: మర్నాడు చూడకూడదమ్మా. 48 నుంచి 72 గంటల మధ్య చూడాలి. ఎరుపు లెక్కలోకి రాదు. ముంజేతి మీద వేలితో తడిమి, గట్టిపడ్డ భాగం ఎంతవరకు ఉందో చూసి, చేతికి అడ్డంగా స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలవాలి. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకు మామూలుగా 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే పాజిటివ్ అంటారు. మీ కాగితంలో ఎన్ని మిల్లీమీటర్లో రాశారా?

శ్రోత: లేదండి. ఉత్త పాజిటివ్ అనే ఉంది.

ట్యూటర్: అయితే డాక్టర్‌గారిని అడిగి ఇగ్రా అనే రక్త పరీక్ష చేయించుకోండి. దాని మీద బీసీజీ ప్రభావం ఉండదు. ఒకవేళ అందులోనూ పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఎక్స్‌రే బాగుండి, లక్షణాలేవీ లేకపోతే క్రిమి ఒంట్లో నిద్రాణంగా ఉందని అర్థం. అది మీ నుంచి ఇంకొకరికి అంటదు. మందులు వాడాలో వద్దో డాక్టర్ చెబుతారు. సాధారణంగా దీనివల్ల సీటు పోదు.

వ్యాఖ్యాత: మేడమ్, ఈ పరీక్షలన్నీ మమ్మల్ని వెనక్కి పంపడానికే అని చాలామంది బాధపడుతున్నారు.

ట్యూటర్: ఆ బాధ నాకు తెలుసు. కానీ మంచం మీదున్న మనిషిని తలుచుకోండి. మీరు ఆయన ఒళ్లు తుడుస్తారు, తినిపిస్తారు, బెడ్‌పాన్ పెడతారు, ముఖంలో ముఖం పెట్టినంత దగ్గరగా ఉంటారు. మీకు దగ్గు ఉంటే జరుగు అని చెప్పే ఓపిక కూడా ఆయనకు ఉండదు. ఆయన తరఫున ఎవరో ఒకరు అడగాలి కదా, ఆ పని మేం చేస్తున్నాం.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్. చెప్పండి.

శ్రోత: నమస్తే మేడమ్. వచ్చే నెలలో క్లాసులు మొదలవుతాయి. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులూ కావాలంటున్నారు. నేను ఒక్కటి కూడా వేయించుకోలేదు.

ట్యూటర్: బాబూ, అది నెలలో అయ్యే పని కాదు. మామూలు పద్ధతిలో మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. ఆఖరి డోసు అయ్యాక ఒకటి రెండు నెలలకు రక్తంలో యాంటీబాడీలు చూస్తారు. మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు, ఆపైన ఉంటే రక్షణ వచ్చినట్టు. అయినా ఆగిపోకండి. చాలా సంస్థలు మొదటి డోసు వేయించుకుంటే క్లాసులో కూర్చోనిస్తాయి, మిగతావి గడువులోగా పూర్తి చేయమంటాయి. రేపే మొదటిది వేయించుకుని, ఆ కార్డు తీసుకెళ్లి అడగండి. అన్నట్టు, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకా కూడా అడిగారా?

శ్రోత: అడిగారండి. టీబీ పరీక్ష కూడా.

ట్యూటర్: ఎంఎంఆర్ వేయించుకున్నాక నాలుగు వారాల లోపు టీబీ చర్మ పరీక్ష చేస్తే ఉన్నది కూడా లేనట్టు చూపించవచ్చు. రెండూ ఒకే రోజు చేయించుకోండి, లేదా టీబీ పరీక్షే ముందు కానివ్వండి. ఆడపిల్లలు వింటుంటే ఇంకో మాట. గర్భంతో ఉన్నప్పుడు ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ టీకాలు వేయించుకోకూడదు. డాక్టర్‌కు ముందే చెప్పండి.

వ్యాఖ్యాత: ఇంకో కాల్ ఉంది. హలో?

శ్రోత: మేడమ్, నాకు నలభై దాటాయి. పదో తరగతితో చదువు ఆపేశాను. ప్రవేశ పరీక్ష అంటే కాళ్లు వణుకుతున్నాయి. పిల్లల ముందు పరువు పోతుందేమోనని.

ట్యూటర్: వయసు అడ్డు కాదమ్మా. కనీస వయసు చూస్తారు. పదో తరగతా, ఇంటరా అన్నది సంస్థను బట్టి ఉంటుంది, ప్రకటన జాగ్రత్తగా చదవండి. పరీక్షలో పెద్ద పెద్ద లెక్కలేం ఉండవు. నేనైతే ఒక చార్టు ఇస్తాను: రోగి పొద్దున 150 మిల్లీలీటర్లు తాగాడు, తర్వాత 200, ఆ తర్వాత 75. మొత్తం ఎంత?

శ్రోత: నాలుగు వందల... ఇరవై ఐదు.

ట్యూటర్: చూశారా! ఇక గడియారం చూసి 30 సెకన్లు నాడి లెక్కపెట్టి రెట్టింపు చేయడం, డ్యూటీ మారేటప్పుడు చెప్పింది విని తప్పుల్లేకుండా రాసుకోవడం. ఈ విషయంలో మాత్రం నేను సడలించను. 90 అని విని 19 అని రాస్తే నర్సు దాన్నే నమ్ముతుంది. ఇంట్లో పిల్లల చేత అంకెలు చదివించుకుని రాయండి. పరువు ఎందుకు పోతుంది, వాళ్లే మీకు గురువులవుతారు.

వ్యాఖ్యాత: తర్వాత ఒక తండ్రి లైన్‌లో ఉన్నారు.

శ్రోత: అమ్మా, మా అమ్మాయిని ఒక చోట చేర్చుకుంటామన్నారు. మెడికల్ టెస్టులు అక్కర్లేదు, పోలీసు వెరిఫికేషన్ అక్కర్లేదు, ఫీజు కడితే పది రోజుల్లో సర్టిఫికెట్ అంటున్నారు. సులువుగా ఉంది కదా అని...

ట్యూటర్: దయచేసి కట్టకండి నాన్నగారూ. ఏమీ అడగని చోట ఏమీ నేర్పరు. అమెరికాలో 1987 నాటి చట్టం కనీసం 75 గంటల శిక్షణ ఉండాలంటుంది. రోగి దగ్గరికి పంపేముందే ఇన్ఫెక్షన్ రాకుండా చూడటం, రోగితో మాట్లాడే తీరు, అత్యవసరంలో ఏం చేయాలి, రోగి హక్కులు, ఇవన్నీ కనీసం 16 గంటలు నేర్పాలని అక్కడి నిబంధన. మీరు ఆ సంస్థను మూడు ప్రశ్నలు అడగండి. వార్డులో ఎన్ని గంటలు? పక్కన నర్సు ఉంటుందా? ఈ సర్టిఫికెట్‌ను ఉద్యోగమిచ్చేవాళ్లు గుర్తిస్తారా? జవాబు నీళ్లు నమిలినట్టు ఉంటే లేచి వచ్చేయండి.

శ్రోత: పోలీసు వెరిఫికేషన్ అంటే మా అమ్మాయి భయపడుతోంది. ఇరుగుపొరుగు గొడవలో పేరు రాశారు, తర్వాత కేసు కొట్టేశారు.

ట్యూటర్: ప్రధానంగా చూసేది హింస, దొంగతనం, లైంగిక నేరాలు, మత్తు మందులు. కదల్లేని మనిషి దగ్గర ఒంటరిగా ఉండే పని కాబట్టి. కేసు కొట్టేసిన కాగితం నకలు జతచేసి ఉన్నదున్నట్టు రాయించండి. దాచినట్టు తర్వాత తేలితే కేసు కంటే ఆ దాచడమే మెడకు చుట్టుకుంటుంది.

వ్యాఖ్యాత: ఆఖరి కాల్. కొంచెం త్వరగా చెప్పండి.

శ్రోత: మేడమ్, నాకు ఫిట్స్ వచ్చేవి. మందులు వాడుతున్నాను, చాలా కాలంగా రాలేదు. ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేయమని ఫ్రెండ్ అంటోంది.

ట్యూటర్: వద్దమ్మా. మీరు రోగిని పట్టుకుని లేపి కుర్చీలో కూర్చోబెడుతుండగా ఫిట్స్ వస్తే ఇద్దరూ పడతారు. మీకు చికిత్స చేసే డాక్టర్ చేత ఉత్తరం రాయించుకోండి. ఆఖరిసారి ఎప్పుడు వచ్చింది, ఏ మందు, నైట్ డ్యూటీ చేయవచ్చా, బరువు ఎత్తవచ్చా, ఇవి అందులో ఉండాలి. ఉత్తరం ఉంటే మేం డ్యూటీ వేళలు సర్దగలం, ఎత్తే పనికి ఇద్దరిని పెట్టగలం. అసలు మనిషిని ఒక్కరే ఎత్తడం ఎవరికీ మంచిది కాదు. ఫారం ఇచ్చేశారా?

శ్రోత: ఇంకా లేదండి. ఎల్లుండి ఆఖరు.

ట్యూటర్: రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఉత్తరం చేతికి వచ్చాక ఆ గడి నింపి, ఫారానికి పిన్ చేసి ఇవ్వండి.